పదహారున్నర అడుగులు

"ఈ ప్రకటన ఇక్కడ పెట్టినవాడి చేతులు పడిపోను!"

తిట్టింది భార్య. ఆ చేతులు ఆ సమయానికి ఆమెకు రెండడుగుల దూరంలో కాఫీ గ్లాసు పట్టుకుని ఉన్నాయి. చేతుల సొంతదారు గ్లాసు నెమ్మదిగా బల్లమీద పెట్టి, లోపలికి వెళ్ళి దూది తెచ్చాడు.

ఆమె ఎడమచేతి చూపుడువేలు నోట్లో పెట్టుకుని ఒళ్ళోని తెల్ల చొక్కాకేసి చూస్తోంది. గుండీల పట్టీ మీద, మూడో గుండీ పక్కన, ఆవగింజంత నెత్తురు మరక. టైలరు మాస్టారి కొట్టు నుంచి బడిపిల్లల చొక్కాలు మూటగా తెచ్చి, గుండీలూ కాజాలూ కుట్టి తిరిగివ్వడం ఆమె పని. సాయంత్రం ఆరున్నరకి సీరియల్ మొదలవుతుంది, మూటా విచ్చుకుంటుంది. దానికో పద్ధతి ఉంది. సీను నడిచేటప్పుడు గుండీలు, ప్రకటనలప్పుడు కాజాలు. గుండీ చూడకుండా కుట్టొచ్చు, కాజాకి కళ్ళు కావాలి. ఒక విడత ప్రకటనలకి సరిగ్గా ఒక కాజా.

ఆ రోజు టీవీలో కోర్టు బోనెక్కిన ముసలి కాపలావాడు లాయరమ్మ కళ్ళలోకి చూసి, "దుకాణానికి నిప్పు పెట్టింది ఎవరంటేనమ్మా..." అని నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి ముప్ఫైరెండు పళ్ళతో ఇంకొకడు ఊడిపడి, పళ్ళపొడి కొనమని అరిచాడు. ప్రకటనలకి గొంతు ఎప్పుడూ రెట్టింపే. ఆమె ఉలిక్కిపడింది. సూది వేల్లో దిగింది.

"ఇదే పళ్ళవాడు మళ్ళీ వస్తాడు చూడు," అంది సోఫాలోంచి అక్క. అంటే ఆయన అక్కగారు. పై వాటాలో ఉంటుంది. ఇంతకు ముందు తమ్ముడి పాస్‌వర్డుతో తన టీవీలోనే చూసుకునేది. ఈ మధ్య ఆ సీరియళ్ళు చూపించే కంపెనీవాడు పై వాటా వేరే ఇల్లని కనిపెట్టాడు. వేరే ఇల్లయితే వేరే చందా కట్టమన్నాడు. "ఒకే మెట్లు, ఒకే నీళ్ళ టాంకు, ఒకే కరెంటు మీటరు, ఇల్లు మాత్రం వేరేనట!" అని ఆవిడ నెల రోజులుగా దెప్పుతూ, రోజూ కిందికి దిగొస్తోంది.

పళ్ళవాడు మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాత ఒకమ్మాయి చిరునవ్వుతో, ప్రకటనల బెడద తగ్గాలంటే పెద్ద ప్లానుకి మారమని చెప్పింది.

"పొడిచేదీ వీళ్ళే, కట్టు కట్టడానికి డబ్బులడిగేదీ వీళ్ళే," అంది అక్క.

"మొన్నమొన్నటిదాకా ఇలా లేదు వదినా," అంది భార్య, వేలికి దూది అదుముకుంటూ. "ప్రకటనలు అప్పుడూ ఉన్నాయి. కానీ ఎవడో బుద్ధున్న మనిషి ఉండేవాడు. తలుపేసుకున్నాకో, కారు వెళ్ళిపోయాకో వేసేవాడు. మనం కళ్ళు దించుకోవాలనుకున్నప్పుడే సరిగ్గా వచ్చేది. ఆ మహానుభావుడు పోయి, ఈ కసాయివాడు వచ్చినట్టున్నాడు."

మహానుభావుడూ కసాయివాడూ కూడా దూది పొట్లం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. పన్నెండేళ్ళుగా ఆయన చేసేది ఇదే. సినిమాల్లో, సీరియళ్ళలో ప్రకటన ఎక్కడ పడాలో అక్కడ గుర్తు పెట్టడం. ఇంట్లో మాత్రం పాత సినిమాలకి మరమ్మతు చేస్తున్నానని చెప్పాడు. ఒకప్పుడు ఫిల్ము కత్తిరించి సినిమాలు అతికిన మనిషి, పళ్ళపొడికి చోటు చూపించే పనిలో ఉన్నాడని భార్యకి చెప్పడానికి నోరు రాలేదు.

కానీ ఇప్పుడు ఆయన్ని తొలిచేది ఆ సిగ్గు కాదు. ఈ భాగం ఆయనకి బాగా గుర్తు. పది రోజుల క్రితం తనే గుర్తు పెట్టాడు. కాపలావాడు పేరు చెప్పేస్తాడు, జడ్జి లేస్తాడు, కోర్టు తలుపు మూసుకుంటుంది. గుర్తు పెట్టింది ఆ తలుపు మీద. వాడి నోట్లో కాదు.

*

ఆఫీసులో ఆ గుర్తుని గంటు అంటారు. మూడో అంతస్తులో గంట్లు పెట్టే గది ఉంది. ఎనిమిది కుర్చీలు, ముగ్గురు మనుషులు. మిగతా అయిదు కుర్చీల్లో కూర్చునేవాళ్ళు ఏమయ్యారని అడిగే అలవాటు అక్కడ లేదు. అందరికన్నా పెద్దవాడు కాబట్టీ, ఫిల్ము రోజులనాటి వాడు కాబట్టీ ఆయన్ని కత్తెరాయన అంటారు. తెర మీద బొమ్మ నడుస్తుంటే ఆయన కుడిచేతి బొటనవేలు ఒక మీట మీద ఆని ఉంటుంది. సీను ఊపిరి వదిలిన చోట మీట నొక్కుతాడు. ఎప్పుడైనా ఒక ఫ్రేము అటూ ఇటూ అయిందనిపిస్తే వెనక్కి తిప్పి మళ్ళీ నొక్కుతాడు. ఆ ఒక్క ఫ్రేముకి ఎవరూ జీతం ఇవ్వరు.

మంగళవారం పొద్దున్న మేనేజరు సమావేశం పెట్టాడు. ఆయన్ని వెనకాల అనుభవం గారంటారు. వీక్షకుల అనుభవం అన్న మాట లేకుండా ఆయన మంచినీళ్ళు కూడా అడగడు. రెండేళ్ళలో మూడోసారి చందా పెంచుతున్నారు. అనుభవం గారి లెక్కలో అది పెంచడం కాదు.

"ధర పెంచడం లేదండీ. విలువని ధర దగ్గరికి తీసుకొస్తున్నాం," అన్నాడు.

ప్రకటనలు అసలు లేని ప్లాను ఇక మీదట ప్రకటనలు మితంగా ఉండే ప్లాను. మితంగా ఉండే ప్లాను ఇక మామూలు ప్లాను. మామూలు ప్లానులో ఏముంటుందో తెర మీద చూపించలేదు. చివర్లో అందరూ చప్పట్లు కొట్టారు. సిబ్బందికి కానుకగా అన్నిటికన్నా చవక ప్లాను మీద నెలకో టీ ఖర్చంత తగ్గింపు ప్రకటించారు. మళ్ళీ చప్పట్లు.

మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర కత్తెరాయన తన డబ్బా తీసుకెళ్ళి లెక్కలావిడ ఎదురుగా కూర్చున్నాడు. ఆవిడకి నలభై దాటాయి. కిందటేడు వచ్చింది. గంట్లని యంత్రానికి నేర్పే విభాగం ఆవిడది.

"నిన్న మా ఇంట్లో సీరియల్ చూశానమ్మా. నేను తలుపు దగ్గర పెట్టిన గంటు మాట మధ్యలో పడింది. ఎక్కడో తేడా వస్తోంది."

"తేడా కాదు సార్, అది మా కొత్త పద్ధతి!" అంది ఆవిడ సంబరంగా. "మీకు చెప్పలేదా? అసలు మీ గంట్లు బంగారం సార్. పన్నెండేళ్ళవీ యంత్రానికి ఇచ్చాం. సీను ఎక్కడ తెగుతుందో మీ అంత కచ్చితంగా చూపించినవాళ్ళు లేరు. అది తెలిస్తే, జనం ఎక్కడ ఊపిరి బిగబట్టి ఉంటారో కూడా తెలిసిపోతుంది కదా. మీ గంటుకి పదకొండు సెకన్లు ముందు. రోజూ రాత్రికి యంత్రం మీ గంట్లన్నిటినీ పదకొండు సెకన్లు వెనక్కి జరుపుతుంది. మూడు వారాలైంది మొదలుపెట్టి."

"ఎందుకు జరపడం?"

"సీను అయ్యాక వేస్తే జనం లేచి పోతున్నారు సార్. నీళ్ళు తాగడానికి, పొయ్యి చూసుకోవడానికి. మాట మధ్యలో ఆపితే కదలరు. అలా కూర్చునే ఉంటారు."

"విసుక్కోరూ?"

"విసుక్కుంటారు. కానీ విసుగుని కొలవలేం కదా సార్. కదలకపోవడాన్ని కొలవొచ్చు." ఆవిడ డబ్బా మూత పెట్టింది. ఆ మాటలో ఆవిడకి తప్పేమీ కనిపించలేదు. "మీ వల్లే ఇంత పక్కాగా పడుతోంది. వేరేవాళ్ళ గంట్లతో చేస్తే అటూ ఇటూ పోయేది."

కత్తెరాయన డబ్బా విప్పకుండానే లేచాడు. ఒళ్ళు మండిపోయింది. నిర్లక్ష్యంగా పని చేసే పక్క కుర్చీవాడి గంట్లు ఎవరికీ పనికిరాలేదు. ఒక్క ఫ్రేము కోసం వెనక్కి తిప్పి చూసుకునే తన శ్రద్ధ పనికొచ్చింది. జనం గొంతు పట్టుకోవడానికి మెడ ఎక్కడుందో తనే వేలు పెట్టి చూపించాడు.

*

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి చొక్కాల మూట గుమ్మం పక్కనే ఉంది. మరక పడిన చొక్కా దాని మీద విడిగా మడిచి ఉంది. మరక పోయింది కానీ, ఉతికిన చోట గుడ్డ కాస్త పసుపుదేలింది.

"మాస్టారు వెనక్కి పంపించేశాడు," అంది భార్య. "ఈ నెలలో ఇది రెండోది కదా. ఇంకోసారి నెత్తురు కనిపిస్తే మూట వేరేవాళ్ళకి ఇచ్చేస్తానన్నాడు. ఆయన తప్పేముంది లెండి. బడి చొక్కా మీద నెత్తురుంటే ఎవరు కొంటారు?"

"టీవీ చూస్తూ కుట్టకపోతే?"

"పొద్దున్నుంచీ ఈ నాలుగు గోడలూ, ఈ సూదీ. ఆ ఒక్క ముప్పావుగంటా కూడా వద్దంటారా?"

ఆయన వద్దనలేదు. ఆరున్నరకి ఆమె ముక్కాలిపీట తెచ్చుకుంది. టీవీ వైపు కాకుండా గోడ వైపు తిరిగి, తెరకి వీపు పెట్టి కూర్చుంది. అక్క బిత్తరపోయింది.

"అదేమిటే, అలా కూర్చున్నావు?"

"వింటాను వదినా. చూడటం మొదలుపెడితే చేతులు ఎక్కడుంటాయో మర్చిపోతాను. బొమ్మలో ఏం జరుగుతోందో మీరు చెబుతూ ఉండండి."

అక్క చెప్పసాగింది. లాయరమ్మ లేచింది, జడ్జి కళ్ళజోడు తీశాడు, కాపలావాడి కూతురు ఏడుస్తోంది. ఆమె గోడకేసి తలూపుతూ గుండీలు కుడుతోంది. మాట మధ్యలో పళ్ళవాడు అరిచినప్పుడు ఆమె భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. ఈసారి సూది దిగలేదు. కత్తెరాయన ఆ భుజాలనే చూస్తూ కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా బొమ్మలకీ మనుషులకీ మధ్య పని చేసినవాడికి, డబ్బు కట్టి మరీ గోడని చూస్తున్న మనిషి తన ఇంట్లోనే కనిపించింది. ఆ క్షణంలో ఆయనకి కంపెనీ మీదకన్నా తన బొటనవేలి మీదే ఎక్కువ అసహ్యం వేసింది.

*

బుధవారం పొద్దున్న కుర్చీలో కూర్చోగానే కత్తెరాయన ఆ సీరియల్‌ని ముందుకి లాగాడు. అది ఎప్పుడో పూర్తయింది, రోజుకొకటి వదులుతున్నారంతే. ఇంకా ఇరవైరెండు భాగాలున్నాయి. కొన్నిటికి గంట్లు పడ్డాయి, కొన్నిటికి పడాలి. పడినవాటిని కూడా ప్రసారానికి ముందురోజు దాకా దిద్దుకోవచ్చు.

యంత్రం పదకొండు సెకన్లు వెనక్కి జరుపుతుంది. అయితే తను పదకొండు సెకన్లు ఆలస్యంగా పెడితే సరి. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి కూర్చుంటే వేలు మాట వినలేదు. తలుపు మూసుకోగానే దానంతటదే మీట నొక్కేసింది. చెరిపి మళ్ళీ చేశాడు. మళ్ళీ నొక్కేసింది. మూడోసారి కుడిచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

తెర మూలన గడియారం అంకెలున్నాయి. వాటిని నమ్ముకుంటే చూపు బొమ్మని వదిలేస్తుంది. ఆయన తన పాత లెక్కకి వెళ్ళాడు. సెకనుకి ఇరవైనాలుగు ఫ్రేములు, అడుగుకి పదహారు. పదకొండు సెకన్లంటే పదహారున్నర అడుగుల ఫిల్ము. అది ఆయన చేతులకి తెలుసు. బారలు చాచి రీలు లాగేటప్పుడు మూడు బారలు దాటి కాస్త. తలుపు మూసుకుంది. ఆయన కళ్ళు అరమోడ్చి గాలిలో కనిపించని ఫిల్ము లాగాడు. ఒక బార. రెండు. మూడు. ఆ కాస్త. నొక్కాడు. అంకెలు చూస్తే సరిగ్గా పదకొండు, ఒక్క ఫ్రేము తేడా లేదు. పక్క కుర్చీవాడు చెవుల్లోని తీగలు తీసి, "వ్యాయామమా?" అన్నాడు.

"భుజం నొప్పి," అన్నాడు కత్తెరాయన.

గంటు కొత్త సీను మధ్యలో పడగానే తెర మీద ఎర్ర పెట్టె వచ్చింది. ఈ స్థానం సన్నివేశం మధ్యలో ఉంది, ఖాయమా? అని అడిగింది. ఖాయం అని నొక్కాడు. మాట మధ్యలో గొంతు నొక్కడానికి ఏ పెట్టే ఎవరినీ అడగలేదు. భాగానికి ఆరేసి గంట్లు, ప్రతిదానికీ ఎర్ర పెట్టె, ప్రతిసారీ ఖాయం. గురువారం సాయంత్రం నాలుగు గంటలకి చిట్టచివరి భాగం చిట్టచివరి గంటు పడింది. ముందురోజు మొదట దిద్దిన భాగం ఆ సాయంత్రమే ప్రసారం.

శుక్రవారం తనిఖీ ఉంటుందని ఆయనకి తెలుసు. యంత్రం జరపకముందు ఉన్న గంట్లలోంచి ప్రతి మనిషివీ పదేసి తీసి కంటితో చూస్తారు. పన్నెండేళ్ళలో ఆయనది ఒక్కటి కూడా తప్పు పోలేదు.

*

గురువారం సాయంత్రం భార్య గోడకేసే కూర్చుంది. టీవీలో తలుపు మూసుకున్న చప్పుడైంది. ఆ తర్వాత ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాతే పళ్ళవాడు. ఆమె సూది ఆపింది.

"సీను అయిపోయిందా వదినా?"

"అయిపోయింది. తలుపేసుకుని పోయారు."

"అయ్యాకే వేశాడే!"

"పొరపాటున పడి ఉంటుందిలే," అంది అక్క. కానీ రెండో విడతా అలాగే పడింది, మూడోదీ అలాగే. నాలుగో విడతకి భార్య నెమ్మదిగా పీట తిప్పుకుని టీవీకేసి కూర్చుంది. కత్తెరాయన పత్రిక అడ్డం పెట్టుకున్నాడు.

*

శుక్రవారం మూడింటికి పిలుపు వచ్చింది. గాజు గదిలో అనుభవం గారు, ఆయన పక్కన లెక్కలావిడ. బల్ల మీద ఒక కాగితం. దాని మీద పది వరసలు.

"కూర్చోండి సార్. మీరంటే మాకెంత గౌరవమో మీకు తెలుసు," అని మొదలుపెట్టాడు అనుభవం గారు. అలా మొదలైన మాట ఎక్కడికి పోతుందో తెలియనివాళ్ళు ఆ భవనంలో లేరు. "పది గంట్లు చూశాం. పదీ తప్పే. సీను అయిపోయిన చాలాసేపటికి నొక్కుతున్నారు. ఎక్కడ ముగుస్తోందో తెలియడం లేదు మీకు. ఇది వీక్షకుల అనుభవానికి సంబంధించిన విషయం."

కత్తెరాయన కాగితం చూశాడు. ఆలస్యం అన్న గడిలో పదకొండు సెకన్లు. దాని కింద పదకొండు సెకన్లు. దాని కింద పదకొండు. పది వరసల్లోనూ అదే అంకె, పైనుంచి కిందిదాకా కొలబద్ద పెట్టి గీసినట్టు. అనుభవం గారి కలం కొస ఒక్కో వరస మీదా ఆగుతూ దిగింది. ఏ వరసలోనూ ఆయనకి ఏమీ కనిపించలేదు.

"వయసు మీద పడ్డాక వేళ్ళు నెమ్మదిస్తాయి సార్. చూపు తగ్గుతుంది. సహజం," అన్నాడు జాలిగా.

లెక్కలావిడ కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. ఆవిడ కళ్ళు అంకెల వెంట దిగి, అడుక్కి చేరి, మళ్ళీ పైకెక్కాయి. తలెత్తి కత్తెరాయనకేసి చూసింది. మొన్న మంగళవారం భోజనాల బల్ల దగ్గర ఏం చెప్పిందో ఆవిడకి గుర్తొచ్చింది. నోరు తెరిచింది.

కత్తెరాయన నాలుక చివర కూడా ఒక మాట ఉంది. ఒరే నాయనా, పదిసార్లకి పదిసార్లూ ఒక్క ఫ్రేము తేడా లేకుండా తప్పు చేయగల మనిషి ఈ భవనంలో ఇంకొకడున్నాడేమో చూపించు. ఆ మాట అంటే పరువు దక్కుతుంది. కానీ ఆ నిమిషమే ఎవడో కూర్చుని మిగిలిన భాగాలన్నిటినీ తిరగదిద్దుతాడు, పీట మళ్ళీ గోడ వైపు తిరుగుతుంది. ఆయన మాట మింగేశాడు. లెక్కలావిడ కూడా నోరు మూసుకుని, కాగితాన్ని బోర్లించి బల్ల మీద పెట్టింది.

"మరి ఇప్పటికే పెట్టినవి దిద్దించాలా?" అని అడిగింది మేనేజరుని, ఆయన మొహం చూడకుండా.

"దానికి మళ్ళీ మనిషి, మళ్ళీ ఖర్చు. అలాగే పోనివ్వండి. చూసేవాళ్ళకేం తెలుస్తుంది!" అన్నాడు అనుభవం గారు.

మనిషిని తీసేసేంత పెద్ద తప్పు, దిద్దడానికి మాత్రం తగనంత చిన్నది. కత్తెరాయనకి నవ్వొచ్చింది. సన్నివేశం ఎక్కడ ముగుస్తుందో గుర్తించే సామర్థ్యం లేనందున అని రాసిన రెండో కాగితం ఆయన ముందుకి జరిపారు. ఆయన చదివి, కలం అడిగి పుచ్చుకుని, సంతకం పెట్టాడు.

*

ఆరున్నరకి ముగ్గురూ టీవీ ముందున్నారు. పీట టీవీ వైపే ఉంది. కాపలావాడి కూతురు లాయరమ్మకి ఏదో చెప్పి, మెట్లు దిగి, వీధి మలుపు తిరిగింది. వీధి ఖాళీ అయింది. అప్పుడు ప్రకటన వచ్చింది. భార్య కళ్ళు దించి కాజా మొదలుపెట్టింది.

"పాతాయన తిరిగొచ్చాడే!" అంది అక్క.

"వచ్చాడు వదినా. నిన్ననే అనుకున్నాను. ఎవరి బిడ్డో, చల్లగా ఉండాలి."

"ఆయన్ని ఇవాళ తీసేశారు," అన్నాడు కత్తెరాయన.

భార్య తలెత్తకుండానే, "ఎవర్నీ?" అంది.

"ప్రకటనలు పెట్టేవాణ్ణి. సీను ఎక్కడ అయిపోతుందో వాడికి తెలీదట."

"ఎవడా అన్నది? వాడి మొహం! ఆయనకి తెలీకపోతే ఇంకెవరికి..." ఆమె ఆగింది. "మీకెలా తెలుసు?"

ఆయన జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. ఆమె దారం పళ్ళ మధ్య పట్టుకునే చదివింది. పైన ఆయన పేరు, పన్నెండేళ్ళ ఉద్యోగం, చూపు మందగించడం, వేళ్ళు నెమ్మదించడం, కింద సంతకం. రెండుసార్లు చదివింది. టీవీలో పళ్ళవాడు వచ్చి వెళ్ళాడు. పదకొండు సెకన్ల సంగతి ఆయన నాలుగు ముక్కల్లో చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేలకేసే చూశాడు.

"సోమవారం నేను తిట్టింది..." అంది ఆమె.

"సరైనవాణ్ణే తిట్టావు."

ఆమె ఆయన చేతులకేసి చూసింది. కంగారులో సూదిలోంచి దారం జారిపోయింది. తెల్ల దారం, సన్న సూది. ఒకసారి ఎక్కించబోయింది, కంటి నీళ్ళకి బెజ్జం కనబడలేదు. సూదినీ దారాన్నీ ఆయనకి అందించింది.

"ష్, మొదలైంది," అంది అక్క. లాయరమ్మ కోర్టు మెట్లెక్కుతోంది. భార్య టీవీకేసి తిరగలేదు.

ఆయన దారం కొస నాలుక మీద తడిపి, సూదిని దీపానికెదురుగా పట్టి, ఒక్కసారికే ఎక్కించి ఇచ్చాడు.